సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక రోజూ ఎలా నడపాలి

"అయిదేళ్ల నెక్సాన్ ఈవీ మంచి ధరకు వస్తోంది, తీసుకోవచ్చా?" ఈ మధ్య తరచూ వస్తున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు కారును చూసి చెప్పేది కాదు. మీ ఇంటి పార్కింగ్ చూసి, బ్యాటరీ వారంటీ కాగితం చూసి, ఆ తర్వాత కారు చూసి చెప్పాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. రంగు నచ్చి అడ్వాన్స్ ఇచ్చేసి, తర్వాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ గారి చుట్టూ తిరుగుతారు.

ఉదాహరణలకు ఎక్కువగా 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీనే తీసుకున్నాను. పాత ఎలక్ట్రిక్ కార్ల మార్కెట్లో మనకు ఎక్కువగా కనిపించే బండి అదే. లెక్కల్లో అంకెలు మార్చుకుంటే టియాగో, టిగోర్, ఎంజీ జెడ్‌ఎస్ దేనికైనా ఇదే పద్ధతి.

## 1. ముందు ప్లగ్ సంగతి తేల్చుకోండి

రాత్రి కారు పెట్టే చోట సొంత పవర్ ప్లగ్ పెట్టుకునే వీలు లేకపోతే, నా మాట వినండి, పాత ఎలక్ట్రిక్ కారు జోలికి పోవద్దు. రోజూ బయట ఫాస్ట్ చార్జర్ల మీద ఆధారపడితే డబ్బు ఆదా కాదు, టెన్షన్ తప్పదు.

వీలుంటే ఎలక్ట్రీషియన్‌తో ఈ పనులు చేయించండి:

- మీటరు బోర్డు నుంచి కారు దగ్గరికి విడిగా ఒక లైను. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. దూరం ఎక్కువైతే 6.
- ఆ లైనుకు సొంత ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే లైను ఆపేది), 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది). రెండూ కలిసిన ఆర్‌సీబీఓ అయినా సరే.
- మంచి కంపెనీ 16 యాంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్, లేదా మందపాటి పవర్ ప్లగ్. గీజర్‌కు వాడిన పాత ప్లగ్ పాయింట్ వద్దు.
- ఎర్తింగ్ పరీక్ష.

ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ఎర్త్ సరిగా లేకపోతే కారుతో వచ్చే చార్జర్ ఎర్ర లైటు చూపించి మొరాయిస్తుంది. అది చార్జర్ లోపం కాదు, మీ ప్రాణం కాపాడే ఏర్పాటు. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్తింగ్ గుంత బాగు చేయించాలి. న్యూట్రల్ వైరును ఎర్త్ పిన్నుకు కలిపి "అయిపోయింది సార్" అనే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఆ పని అస్సలు చేయనివ్వొద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది.

ఇంటి శాంక్షన్డ్ లోడ్ (మీ మీటరుకు మంజూరైన కిలోవాట్లు) కూడా చూసుకోండి. మామూలు ప్లగ్ చార్జర్ 3 కిలోవాట్లకు పైగా లాగుతుంది. ఏసీ, గీజర్, కారు ఒకేసారి నడిస్తే లోడ్ చాలదు. డిస్కమ్‌కు (కరెంటు పంపిణీ సంస్థకు) దరఖాస్తు పెట్టి లోడ్ పెంచుకోవచ్చు. కారు చార్జింగ్‌కు విడిగా కనెక్షన్ అడిగే హక్కు కూడా 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది. అపార్ట్‌మెంట్ అయితే లైను ఎటు నుంచి వెళ్తుందో, ఏ మీటరుకు కలుస్తుందో గీసి అసోసియేషన్‌కు లెటర్ ఇవ్వండి. నోటి మాట ఒప్పుకోలు కమిటీ మారగానే మారిపోతుంది.

తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చే ఇళ్లవాళ్లు ఒకటి గమనించాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు సుమారు 170 యూనిట్లు తాగుతుంది. ఆ మీటరుకే కారు తగిలిస్తే 200 దాటడం ఖాయం.

## 2. మీ కిలోమీటర్లు, మీ రూపాయలు

పాత నెక్సాన్‌కు కంపెనీ చెప్పిన రేంజ్ 312 కిలోమీటర్లు. అది పరీక్ష గదిలో అంకె. ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగితే 180 నుంచి 210 మధ్య వస్తే బండి బాగున్నట్టే.

ప్లాన్ వేసుకునేటప్పుడు ఇందులో 70 శాతమే లెక్కలోకి తీసుకోండి. అంటే 180 వచ్చే బండితో రోజుకు 120 కిలోమీటర్ల దాకా నిశ్చింత. ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ పోయివచ్చినా ఇందులో సగం చాలు.

ఖర్చు సంగతి. మీటరు దగ్గర కిలోమీటరుకు 0.17 యూనిట్ అనుకోండి. తెలంగాణ గృహ టారిఫ్‌లో 400 యూనిట్లు దాటిన శ్లాబు 9.50 రూపాయలు. ఆ లెక్కన కూడా వెయ్యి కిలోమీటర్లకు 1,615 రూపాయలే. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు, లీటరు 107 రూపాయల లెక్కన, అదే దూరానికి ఏడు వేలు దాటుతుంది. నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లే తిరిగేవాళ్లకు మాత్రం ఈ ఆదా పెద్దగా కనబడదు. వాళ్లు బండి ధర దగ్గరే గట్టిగా బేరమాడాలి.

ధర బేరంలో ఒక మాట. అమ్మేవాళ్లు "అప్పట్లో ఆన్‌రోడ్ ఇంత పెట్టాను" అంటారు. అది వినాల్సిన పని లేదు. ఇవాళ కొత్తది ఆన్‌రోడ్ ఎంత పడుతుందో దానితో పోల్చండి. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి కొత్త ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. కొత్తదాని ధర దిగితే పాతదాని ధర కూడా దిగాలి.

## 3. బ్యాటరీ పరీక్ష: తొందరపడకూడని చోటు

"సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి, అన్నీ షోరూం సర్వీసులే." బ్రోకర్ ఇది చెప్పే తీరు మీకు తెలిసిందే. నవ్వి ఊరుకుని ఈ వరుసలో వెళ్లండి.

మొదట వారంటీ. నెక్సాన్ బ్యాటరీకి, మోటారుకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2021 మార్చిలో రిజిస్టర్ అయిన బండికి 2029 మార్చి వరకన్నమాట. కనీసం మూడేళ్ల వారంటీ మిగలని బండికి నేనైతే ఓటెయ్యను. బండి నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్లో హిస్టరీ తీయించండి. మధ్యలో సర్వీసులు ఎగ్గొడితే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఈమధ్య కొత్త మోడళ్లకు "లైఫ్‌టైమ్" బ్యాటరీ వారంటీ అంటున్నారు. అది సాధారణంగా మొదటి ఓనర్‌కే, చేతులు మారితే నిబంధన వేరు. బ్యాటరీని అద్దె పద్ధతిలో కొన్న బండి అయితే ఆ అద్దె ఒప్పందం ఎవరి పేరు మీదికి వస్తుందో రాతలో తేల్చుకోందే ముందుకు కదలొద్దు.

హిస్టరీలో బ్యాటరీ ప్యాక్ వారంటీ కింద మార్చినట్టు కనబడితే భయపడకండి. అది మీకు లాభం. అయిదేళ్ల బండిలో రెండేళ్ల బ్యాటరీ ఉందన్నమాట.

తర్వాత నడిపి చూడటం. డ్యాష్‌బోర్డ్ మీద కనిపించే "ఇన్ని కిలోమీటర్లు వెళ్తుంది" అంకెను నమ్మొద్దు. అది అంతకుముందు నడిపిన తీరును బట్టి వేసే అంచనా. శాతం చూడండి. 60 కిలోమీటర్లకు 28 శాతం దిగిందనుకోండి. 60ని 0.28తో భాగిస్తే నిండు చార్జికి 214. పది కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌తో ఈ లెక్క తేలదు. సగం పూట బండి ఇవ్వమని అడగండి. ఇవ్వనంటే ఎందుకో ఆలోచించండి.

అసలు పరీక్ష చార్జింగ్ దగ్గర. దీనికి ఒక రాత్రి పడుతుంది, కానీ దీన్ని మించిన పరీక్ష లేదు. బండిని 20 శాతానికి దింపి, సబ్ మీటరు ఉన్న ప్లగ్‌కు తగిలించి 100 శాతం దాకా ఎక్కించండి. పాత నెక్సాన్ బ్యాటరీ 30.2 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). అందులో 80 శాతం అంటే 24 యూనిట్ల పైచిలుకు. చార్జింగ్‌లో ఓ 12 శాతం వృథా పోతుంది కాబట్టి మీటరు మీద 27 యూనిట్ల దాకా తిరగాలి. వాడుకకు దొరికే సామర్థ్యం కాగితం మీది అంకె కన్నా కాస్త తక్కువే ఉంటుంది గనుక 25, 26 వచ్చినా మంచి బండే.

22 దగ్గరే ఆగిపోతే? 22లో వృథా తీసేస్తే 19.4. దాన్ని 0.8తో భాగిస్తే 24.2. అంటే బ్యాటరీలో 80 శాతమే మిగిలింది. బండిని వదిలేయక్కర్లేదు గానీ, ధర ఆ మేరకు దిగాలి.

శాతం జారుడు. బండిని 20 శాతం కిందికి తెచ్చినప్పుడు అంకె ఒక్కొక్కటిగా దిగాలి. 17 నుంచి ఒక్కసారిగా 9కి పడితే సెల్స్‌లో తేడా వచ్చింది. బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టి ఉండే కంప్యూటర్) లెక్క తప్పినా ఇలా జరగొచ్చు, అప్పుడు ఇంటి ప్లగ్ మీద నిండా స్లో చార్జింగ్ చేస్తే సర్దుకుంటుంది. రెండుసార్లు నిండా ఎక్కించాక కూడా జారుతుంటే ఆ బండి వద్దు. కొన్ని మోడళ్లలో ఓబీడీ పరికరం (కారు లోపాలు చదివే పోర్టుకు తగిలించేది), ఫోన్ యాప్ పెట్టి బ్యాటరీ ఆరోగ్యం, సెల్ వోల్టేజీల తేడా చూడొచ్చు. దొరికితే చూడండి. అదొక్కటే చూసి తీర్పు ఇచ్చేయొద్దు.

డీసీ ఫాస్ట్ చార్జర్ దగ్గరికి కూడా ఒకసారి తీసుకెళ్లండి. పది నిమిషాలు పెడితే చాలు. గన్ (కారుకు తగిలించే చార్జింగ్ ప్లగ్) సరిగా లాక్ అవుతోందా, చార్జింగ్ మధ్యలో తెగుతోందా తెలుస్తుంది. ఎంజీ కామెట్ లాంటి వాటికి డీసీ చార్జింగే లేదు. మరీ పాత ఫ్లీట్ బండ్లలో ఇప్పుడు అంతటా వాడే సీసీఎస్-2 రకం గన్ పట్టని పోర్టు ఉంటుంది. పోర్టు మూత తీసి చూడటం మరిచిపోవద్దు.

## 4. నీళ్లలో మునిగిన బండి, టాక్సీగా తిరిగిన బండి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2023 డిసెంబరు తుఫానుకు చెన్నైలోనూ అంతే. అలాంటి బండ్లు కడిగి, పాలిష్ కొట్టి, వేరే ఊరి మార్కెట్‌కు వస్తాయి. పెట్రోలు కారైతే ఏదో తంటాలు పడొచ్చు. ఎలక్ట్రిక్ కారైతే వద్దే వద్దు.

చూడాల్సినవి:

- సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి కొసన బురద గీత ఉందా?
- సీటు పట్టాల కింద, స్పేర్ టైరు గుంతలో తుప్పు, మట్టి.
- కార్పెట్ ఎత్తి వాసన చూడండి.
- బానెట్ కింద నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్లు కనిపిస్తాయి. వాటిని ముట్టుకోకుండా, కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చ పూత ఉందేమో టార్చి వేసి చూడండి.
- ర్యాంపు ఎక్కించి బ్యాటరీ పెట్టె అడుగు చూడండి. స్పీడ్ బ్రేకర్‌కు తగిలిన సొట్ట ఉంటే సర్వీస్ సెంటర్ అభిప్రాయం తీసుకోండి.
- ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ.

సొంత ఎలక్ట్రిక్ కారుకు ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు, టాక్సీకి పసుపు అక్షరాలు. ప్లేటు మార్చేయడం ఎంతసేపు? అందుకే ఆర్‌సీలో క్లాస్ చూడండి. టాక్సీగా తిరిగినంత మాత్రాన బ్యాటరీ పాడైనట్టు కాదు గానీ, రోజూ ఫాస్ట్ చార్జింగ్ మీదే బతికిన బండి అది. వారంటీ కిలోమీటర్లు కూడా త్వరగా కరిగిపోయి ఉంటాయి.

టైర్లు మరో ఖర్చు. ఈ కార్లు బరువెక్కువ, పికప్ ఎక్కువ. టైర్లు తొందరగా అరుగుతాయి. రీజెన్ (కాలు తీస్తే మోటారే వేగం తగ్గిస్తూ బ్యాటరీని ఎక్కించడం) వల్ల బ్రేక్ ప్యాడ్లు మాత్రం చాలాకాలం వస్తాయి.

## 5. కాగితాలు

ఇది మామూలు కారు లాంటిదే, కాబట్టి త్వరగా ముగిస్తాను.

- ఫారం 29, 30 (పేరు మార్పిడివి) మీద అమ్మేవారి సంతకాలు. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35.
- వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ. బెంగళూరు, ఢిల్లీ బండ్లు చౌకగా కనిపిస్తాయి. ఇక్కడికి తెచ్చాక లైఫ్ ట్యాక్స్ పడుతుందా లేదా అన్నది అడ్వాన్స్‌కు ముందే మీ ఆర్టీఏ ఆఫీసులో అడగండి. కొత్త బండికున్న మాఫీ దీనికీ ఉంటుందని మీకు మీరే అనుకోవద్దు.
- ట్రాఫిక్ చలాన్లు తెలంగాణ, ఆంధ్ర రెండు రాష్ట్రాల సైట్లలోనూ చూడండి.
- ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్చాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌దే, మీకు రాదు. బ్యాటరీకి నీటి నష్టం కవర్ అయ్యే యాడ్ ఆన్ తీసుకోండి.
- పాత ఈవీల మీద 18 శాతం జీఎస్టీ అని డీలర్ మొత్తం ధర మీద వేస్తే ఒప్పుకోవద్దు. 2024 డిసెంబరు జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం ప్రకారం అది డీలర్ లాభం మీదే. ఓనర్ దగ్గర నేరుగా కొంటే జీఎస్టీయే లేదు.

డబ్బు చివరి వాయిదా ఇచ్చేముందు డిక్కీ తీయించండి. పోర్టబుల్ చార్జింగ్ కేబుల్ ఉందా? విడిగా కొనాలంటే వేలల్లో ఉంటుంది. రెండో తాళం కూడా అప్పుడే అడగాలి.

## 6. బండి ఇంటికొచ్చిన మొదటి వారం

కంపెనీ కనెక్టెడ్ యాప్‌లో పాత ఓనర్ అకౌంట్ తీయించి మీది పెట్టించండి. లేకపోతే మీ బండి ఎక్కడుందో ఆయన ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది, కొన్ని మోడళ్లలో తలుపులు కూడా తీయగలడు. పాత ఫాస్టాగ్ పీకేసి కొత్తది వేయించండి.

సర్వీస్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, కూలంట్ మట్టం, బ్రేక్ ఫ్లూయిడ్, 12 వోల్ట్ బ్యాటరీ చూపించండి. ఆ చిన్న బ్యాటరీ సంగతి చాలామందికి తెలియదు. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా, చిన్నది పడుకుంటే బండి లేవదు. తాళం కూడా తీసుకోదు. మూడు నాలుగేళ్లు దాటి ఉంటే అడక్కుండా మార్చేయండి.

## 7. రోజూ చార్జింగ్

మీ బ్యాటరీ ఏ రకమో ముందు కనుక్కోండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే వారానికోసారైనా నిండా 100 దాకా స్లో చార్జింగ్ చేయాలి. ఈ రకంలో వోల్టేజ్ చాలా దూరం ఒకేలా ఉంటుంది, అందుకే నిండా ఎక్కించినప్పుడే బీఎంఎస్‌కు సరైన లెక్క దొరుకుతుంది. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) అయితే రోజూ 80 దగ్గర ఆపి, దూరం వెళ్లే ముందు రోజు మాత్రమే 100 చేయండి. "80 దాటితే బ్యాటరీ పోతుంది" అని ఎల్‌ఎఫ్‌పీ వాళ్లకు కూడా సలహా ఇచ్చేవాళ్లుంటారు, వదిలేయండి.

మే నెల మధ్యాహ్నం బండి తోలుకొచ్చి వెంటనే ప్లగ్ పెట్టకండి. చల్లారనిచ్చి రాత్రి పదింటికి పెట్టండి. తెల్లారేసరికి నిండుతుంది. పాత నెక్సాన్‌కు ఇంటి ప్లగ్ మీద 10 నుంచి 90 శాతానికి సుమారు ఎనిమిదిన్నర గంటలు.

మొదటి రెండు మూడు రాత్రులు గంట తర్వాత వెళ్లి ప్లగ్ పైభాగం చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి అంటే సాకెట్ వదులైంది, వెంటనే మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, మూడు పిన్నుల కన్వర్టర్లు ఎప్పుడూ వద్దు. ప్లగ్ కరిగిపోయేది వాటి దగ్గరే.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అక్కడి ప్లగ్‌తో పేచీ తప్పదు. ఎర్త్ ఉండదు, సాయంత్రం వోల్టేజ్ ఉండదు. అందరూ పడుకున్నాక పెట్టండి. యాప్‌లో గానీ కారులో గానీ ఆంప్స్ తగ్గించే వీలుంటే తగ్గించండి. బోరు మోటారు స్టార్టర్ బోర్డు నుంచి వైరు లాగొద్దు. ఊరికి ముందు పట్నంలో ఫాస్ట్ చార్జర్ ఉంటే అక్కడే ఎక్కించుకుని పోవడం హాయి.

## 8. హైవే మీద

హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 30 యూనిట్ల బండికి ఒక మంచి స్టాప్ చాలు. ఇంట్లో 100 ఎక్కించి, 80, 85 స్పీడులో వెళ్తే సూర్యాపేట దగ్గర పావు వంతు మిగులుతుంది. టిఫిన్, టీ, ఓ గంట. మళ్లీ 85 శాతం. వంద దాటించి తోలితే రేంజ్ మీ కళ్ల ముందే కరుగుతుంది, స్టాపు రెండవుతాయి, మొత్తం ప్రయాణం ఆలస్యమే అవుతుంది.

- రెండు మూడు చార్జింగ్ యాప్‌లు ముందే పెట్టుకుని, వాలెట్‌లో కాస్త డబ్బు వేసుకోండి. అక్కడికెళ్లాక ఓటీపీ రాక నిలబడటం నరకం.
- స్టేషన్‌లో చివరిసారి ఎవరు, ఎప్పుడు చార్జ్ చేశారో యాప్‌లో చూడండి. వీలైతే ఫోన్ చేసి కనుక్కోండి.
- సూర్యాపేట చార్జర్ పనిచేయకపోతే కోదాడ దాకా వెళ్లేంత చార్జి మిగిలేలా నడపండి. అనుమానంగా ఉంటే నార్కట్‌పల్లి దగ్గరే కొంత ఎక్కించుకోండి.
- రెండు గన్‌ల చార్జర్లలో పక్కన మరో కారు పెడితే మీ స్పీడు తగ్గొచ్చు.
- 80 దాటాక ఎక్కడం నెమ్మదిస్తుంది. వెనక లైనుంటే తీసేయడం మర్యాద, మీకూ టైమ్ కలిసొస్తుంది.

పెద్ద చార్జర్ దొరికిందని సంబరపడక్కర్లేదు. 120 కిలోవాట్ల గన్ పెట్టినా పాత నెక్సాన్ తీసుకునేది దాని ఓపిక ఉన్నంతే, ఓ 25, 30.

## 9. ఆగిపోతే, ఇరుక్కుంటే

గన్ ఊడి రావడం లేదు. యాప్‌లో చార్జింగ్ ఆపండి. తాళంతో రెండు మూడుసార్లు లాక్, అన్‌లాక్ చేసి, గన్‌ను కొద్దిగా లోపలికి నొక్కి లాగండి. అప్పటికీ రాకపోతే చాలా కార్లలో అత్యవసరంగా తీసే తాడు ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో ఇంటి దగ్గరే మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి.

బండి అసలు స్టార్ట్ కావడం లేదు. ముందు 12 వోల్ట్ బ్యాటరీని అనుమానించండి. మాన్యువల్ చెప్పిన చోట జంప్ ఇస్తే లేస్తుంది. నారింజ కేబుళ్ల జోలికి పోవద్దు.

చార్జి అయిపోయి రోడ్డు మీద ఆగింది. తాడు కట్టి లాగించకండి. చక్రాలు తిరిగితే మోటారు కూడా తిరుగుతుంది, దెబ్బతింటుంది. ఫ్లాట్‌బెడ్ లారీయే పిలవండి. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఫ్లాట్‌బెడ్‌కు వర్తిస్తుందో లేదో పాలసీ తీసుకునేటప్పుడే అడగండి.

వాన నీళ్లు. బ్యాటరీ ప్యాక్‌కు నీటి రక్షణ ఉంటుంది. అయినా డోరు అంచు దాకా నిలిచిన నీళ్లలోకి దిగొద్దు. ఒకవేళ నీళ్లు లోపలికి వస్తే స్టార్ట్ చేయకండి, చార్జింగ్ పెట్టకండి. ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకు, సర్వీస్ సెంటర్‌కు చెప్పండి.

నెల రోజులు ఊళ్లో ఉండరు. బ్యాటరీని 50 శాతం దగ్గర వదిలి, నీడలో పెట్టి వెళ్లండి. నెల దాటేట్టుంటే మధ్యలో ఎవరితోనైనా ఒకసారి స్టార్ట్ చేయించి ఓ అరగంట ఆన్‌లో ఉంచమనండి. అప్పుడే ఆ చిన్న బ్యాటరీ కాస్త ఎక్కుతుంది.